సగం కోసిన దిమ్మ

అత్తగారు చేతిలో సంచి కింద పెట్టలేదు.

ప్రయాణం చేసి వచ్చిన మనిషి ముందు చెప్పులు విప్పుతుంది, మంచినీళ్ళు అడుగుతుంది. ఆవిడ రెండూ చెయ్యలేదు. వీధి గుమ్మంలోంచి తిన్నగా ఇంటి పక్క షెడ్డులోకి నడిచి, తీగ కోత మెషీను ముందు ఆగిపోయింది. మెషీను ఉంది. బల్ల ఉంది. బల్ల మీద ఆవిడ బిగించి వెళ్ళిన ఉక్కు దిమ్మ, సగం కోసిన గాడితో అలాగే ఉంది. మెషీను పక్కన బీరువాలా నిలబడి ఉండే కంట్రోలు పెట్టె మాత్రం లేదు. అది ఉన్న చోట గచ్చు మీద నలుచదరంగా తెల్లటి మచ్చ, ఆ మచ్చలో ఒక ఎండిపోయిన బల్లి.

"నా పెట్టె ఏది?"

కోడలు చేతిగుడ్డను మడతపెట్టింది, విప్పింది, మళ్ళీ మడతపెట్టింది.

"పెరట్లో ఉందండీ అత్తయ్యా. వాన పడకుండా పైన రేకు కప్పాం."

"పెరట్లో."

"అవునండీ."

"విరిగిన బకెట్లూ, అరిగిన చీపుర్లూ ఉండే చోట."

కోడలు తల దించుకుంది. షెడ్డు మూల సానరాయి దగ్గర ఆమె భర్త, అప్పటికే పదునెక్కిన ఉలిని మళ్ళీ రాయికి ఆనించాడు. గర్రుమని చప్పుడు లేచింది. తల్లికీ పెళ్ళానికీ మధ్య మాట పెరిగినప్పుడల్లా ఆ ఇంట్లో ఏదో ఒక ఉలికి పదును తగ్గుతూ ఉంటుంది.

"ఒరే, ఆ రాయి ఆపు."

రాయి ఆగింది.

"నేను వెళ్ళేటప్పుడు ఏం చెప్పాను?"

"అమ్మా, నువ్వు కోస్తుండగానే పెట్టె లోపల కాలిపోయింది కదా. బాగుచేసే ఆయన వచ్చి చూశాడు. ఆ సామాను ఇప్పుడు ఎక్కడా దొరకదన్నాడు."

"ఆయనేమన్నాడని నేను అడిగానా? నేనేం చెప్పానో చెప్పు."

"నువ్వొచ్చేదాకా ఎవరూ ముట్టుకోవద్దన్నావు."

"ముట్టుకోవద్దంటే పీకి పెరట్లో పడెయ్యమని ఈ ఇంట్లో ఎప్పటినుంచి అర్థం? మీ నాన్న ఫోనులో నోరు జారాడు కాబట్టి తెలిసింది. లేకపోతే మా చెల్లెలి మంచం పక్కనే కూర్చుని, ఇక్కడ నా కోసం పనంతా ఎదురుచూస్తోందని మురిసిపోతూ ఉండేదాన్ని."

వాకిలి వైపు నుంచి మామగారి దగ్గు వినిపించింది. తన పేరు వచ్చిందని ఆయనకు తెలిసింది. లోపలికి మాత్రం రాలేదు.

అత్తగారు మెషీను చుట్టూ ఒకసారి తిరిగింది. బల్లను కదిపే మరల దగ్గర పాత మోటార్లు పోయి కొత్తవి రెండు కూర్చున్నాయి. వాటి నుంచి బూడిదరంగు తీగలు గోడవారగా వెళ్ళి ఒక చిన్న రేకు డబ్బాలో దూరాయి. మెషీను మెడకు బిగించిన ఇనుప చెయ్యి చివర కంప్యూటరు తెర ఒకటి వెలుగుతోంది.

"నా పెట్టెంత పెట్టె చేసే పని ఈ అద్దం ముక్క చేస్తుందా?"

"చేస్తుందండీ."

"సినిమాలు కూడా వస్తాయా?"

"రావండీ."

"పోనీలే, అదొక్కటి మంచిది."

భర్తకు నవ్వొచ్చింది. తల్లి చూపు తగలగానే అది దగ్గయింది.

"అత్తయ్యా, దిమ్మను కదపలేదండీ," అంది కోడలు. గొంతు తనకే పీలగా వినిపించింది. "మీ బిగింపు మీరు బిగించినట్టే ఉంది. ఈ దిమ్మ కోసం డబ్బాలాయన ప్రెస్సు ఆగిపోయి ఉంది. పొద్దున్నా సాయంత్రమూ వచ్చి గుమ్మంలో కూర్చుంటున్నాడు. మీ చెల్లెలుగారికి ఎప్పుడు నయమవుతుందో మాకు తెలియలేదు. అందుకని..."

"అందుకని సగం నేను కోసిన దాని మీద నువ్వు చెయ్యి పెడతావు."

"మిగతా సగమే కదండీ."

"మిగతా సగమే కదా!" అత్తగారు సంచి చెయ్యి మార్చుకుంది, కానీ దించలేదు. "అయితే విను. ఆ దిమ్మలో సగం గాడి నాది. మిగతా సగం నీ అద్దం ముక్కది. రెండూ కలిసే చోట ఈ గోరు పెట్టి చూస్తాను."

చూపుడువేలు ఎత్తింది. ఆ ఒక్క వేలి గోరే ఆవిడ కాస్త పొడుగ్గా ఉంచుకుంటుంది. కంటికి కనబడని మెట్టు కూడా ఆ గోటికి తట్టుకుంటుంది. ఆ గోరు జారిపోయిందంటే డబ్బాలాయన ఇక వేరే కొలతలు అడగడు.

"గోరు జారిందా, నీ అద్దం ఉంటుంది, నువ్వూ ఇక్కడే ఉంటావు, ఈ మెషీను నీది. తట్టుకుందా, అద్దం పోతుంది, మోటార్లు పోతాయి, మెషీనూ పోతుంది. దారిలో పాత ఇనుము బండివాడికి చెప్పే వచ్చాను. సాయంత్రం వస్తాడు."

"మెషీను ఎందుకమ్మా?" కొడుకు లేచి నిలబడ్డాడు.

"పెట్టె లేదు, దాన్లో నా చేతికి అలవాటైన పుల్లా లేదు. ఇంకేం చేసుకోను దాన్ని, పక్కన కుర్చీ వేసుకుని అందం చూడనా?"

అప్పుడు సంచి దించింది. దించి, షెడ్డులోంచి వెళ్ళిపోయింది.

*

భోజనాల దగ్గర ఎవరి పళ్ళెంలోకి వాళ్ళు చూసుకున్నారు.

మామగారు ఒకప్పుడు దర్జీ. ఇప్పుడు కత్తెర వదిలేసి గరిటె పట్టాడు. వంటా వడ్డనా ఆయనవే. ఇంట్లో ఇద్దరు ఆడవాళ్ళు ఉక్కు కోస్తుంటే ఎవరో ఒకరు కూరగాయలు కొయ్యాలి కదా అంటాడు.

"నా కాలిమిషనుకి మోటారు బిగించినప్పుడు నేనూ అలిగాను," అన్నాడు పులుసు పోస్తూ. "తర్వాత మోకాళ్ళ నొప్పి తగ్గింది. అలక కూడా తగ్గింది."

"నీ మిషను కుట్టు తప్పితే విప్పి మళ్ళీ కుట్టుకోవచ్చు," అంది అత్తగారు. "ఉక్కుని విప్పడం కుదురుతుందేమో నీ కోడల్ని అడుగు."

"నేనెందుకు అడుగుతాను? నేను పులుసు అడిగేవాళ్ళ కోసం చూస్తున్నాను."

ఎవరూ అడగలేదు.

"పిన్నికి ఎలా ఉందమ్మా?" అన్నాడు కొడుకు.

"లేచి కూర్చుంది."

"మరి ఇంకొన్నాళ్ళు ఉండకపోయావా?"

"నిద్ర పట్టలేదు." అత్తగారు చెయ్యి కడిగేసుకుంది. పళ్ళెంలో అన్నం అలాగే ఉంది.

కోడలు ఆ అన్నం వైపు చూసింది. ఆకలి చంపుకునేంత కోపమా, లేక ఇంకేమైనానా? అడిగే ధైర్యం ఆమెకు లేదు. ఈ ఇంటికి వచ్చిన కొత్తలో ఆమెకు పిలిచి పని నేర్పింది ఈ మనిషే. పుట్టింట్లో పాడైన రేడియోలు విప్పుకుంటూ కూర్చునే పిల్ల అని ఎవరో ఎగతాళిగా చెబితే, "అయితే మా షెడ్డుకి పనికొస్తుంది" అని ముచ్చటపడిందీ ఈవిడే. వెంట్రుకంత సన్నని ఇత్తడి తీగను రంధ్రంలోకి ఎక్కించేటప్పుడు, "తీగ మీద ఊపిరి వదలకు అమ్మాయ్, వణుకుతుంది" అని చెవిలో చెప్పింది. మర అరిగిపోయింది కాబట్టి ఏ కొలతకైనా ఎడమ నుంచే రావాలని, కుడి నుంచి వస్తే మర వదులు కొలతలో కలుస్తుందని, చెయ్యి పట్టుకుని తిప్పి చూపించింది.

అలాంటి మనిషి పొద్దుటి నుంచి ఒక్కసారి కూడా అమ్మాయ్ అని పిలవలేదు.

*

మధ్యాహ్నం ఎండ షెడ్డు కిటికీలోంచి సగం బల్ల మీద పడింది. వరండాలో అత్తగారు షెడ్డుకు వీపు పెట్టి కూర్చుంది. వీపు ఇటుంటే చెవులు కూడా ఇటే ఉంటాయని కోడలికి తెలుసు.

ఊపిరి బిగబట్టి తీగ ఎక్కించింది. నీళ్ళ పంపు వేసింది. ఈ మెషీనులో కోసేటప్పుడు తీగ ఉక్కును తాకదు. తాకీ తాకనంత దూరంలో నీళ్ళలో సాగిపోతుంటే మధ్యలో నిప్పురవ్వలు పుట్టి ఉక్కును రవ్వరవ్వగా తినేస్తాయి. ఎటు తినాలో ఇదివరకు పెట్టె చెప్పేది. ఇప్పుడు కంప్యూటరు చెప్పాలి. అయితే ముందు దిమ్మ ఎక్కడుందో దానికి తెలియాలి.

తీగను మెల్లగా దిమ్మ అంచుకు తెచ్చింది. ఎడమ నుంచే తెచ్చింది. తగలగానే తెర మీద ఎర్రచుక్క వెలిగింది. రెండో అంచు. ఎర్రచుక్క. తర్వాత డ్రాయింగు పిలిచింది. డబ్బాలాయన మిఠాయి డబ్బాలకు పువ్వు ఆకారపు మూత ఉంటుంది. రేకును ఆ ఆకారంలో కత్తిరించడానికి ఆయనకు రెండు కావాలి: పువ్వు రంధ్రం ఉన్న డై, ఆ రంధ్రంలోకి దిగే పువ్వు ఆకారపు పంచ్. రెండింటికీ ఒకే మందం ఉక్కు. బల్ల మీద ఉన్నది డై కోసం. పంచ్ కోసం తెచ్చిన దిమ్మ ఇంకా ముట్టుకోకుండా అలమరలోనే ఉంది.

తెర మీద పువ్వు గీత వచ్చింది. కోడలు తీగను పాత గాడి చివరకు పోనిచ్చి చూసింది.

గీతకు ఇవతల ఉండాల్సిన గాడి అవతల ఉంది.

ఎక్కడో తనే తప్పు చేసి ఉంటుంది. మళ్ళీ మొదటి అంచు, మళ్ళీ రెండో అంచు. ఈసారి మరను చేత్తో తిప్పుతూ వచ్చింది. అదే. ఇంకోచోట చూసింది. అదే. కొలత జారితే ఒకచోట కొంచెం, ఇంకోచోట మరికొంచెం తేడా ఉండాలి. ఇది అలా లేదు. పువ్వు రేకు ఎలా వంపు తిరిగితే గాడీ అలాగే తిరిగింది, గీతను ఆనుకునే తిరిగింది. వైపు మాత్రమే మారింది.

ఈ వైపుల సంగతి కూడా అత్తగారే చెప్పింది. మామగారి సుద్ద తీసుకుని గచ్చు మీద గుండ్రంగా గీత గీసి చెప్పింది. "తీగకి మందముంది, నిప్పుకి ఆకలుంది. గీత మీదే పోతే రెండు పక్కలా తినేస్తుంది. రంధ్రం కావాలా, గీతకి లోపలగా పో. లోపలి ముక్క కావాలా, గీతకి బయటగా పో. ఇది మర్చిపోతే ఇంకేం గుర్తున్నా దండగే."

రంధ్రం కావలసిన దిమ్మలో గాడి గీతకు బయట పోయింది.

కోడలు పంపు కట్టేసింది. వరండాలో వీపు కదల్లేదు.

*

పెరట్లో రేకు ఎత్తి, పాత పెట్టె తలుపు తీసింది. తలుపు వెనక, చేతికందే ఎత్తులో చిన్న ఇనుప పుల్ల ఒకటి ఉంటుంది. పైకి అంటే గీతకు లోపల. కిందకి అంటే గీతకు బయట. పక్కన రాసిన అక్షరాలు ఎప్పుడో అరిగిపోయాయి. అత్తగారు వాటిని చూసేది కాదు, బొటనవేలితో తడిమేది.

పుల్ల కిందకి ఉంది.

కోడలు వంటింటి కిటికీ దగ్గరకు వెళ్ళి భర్తను సైగ చేసి పిలిచింది. అతను చేతిలో సగం తాగిన టీతో వచ్చాడు.

"ఏమండీ, దీన్ని మోసేటప్పుడు ఈ పుల్లకి ఎవరి చెయ్యైనా తగిలిందా?"

"తలుపు తాడేసి కట్టి కదా మోశాం. తాడు నువ్వే కట్టావు."

"మరి ఇది కిందకి ఉంది."

"ఉంటే?"

"ఇది రంధ్రం కొయ్యాల్సిన దిమ్మండీ."

అతను పుల్ల వైపు చూశాడు. షెడ్డు వైపు చూశాడు. టీ గ్లాసు పెట్టె మీద పెట్టి, బోర్లించిన బకెట్టు మీద కూలబడ్డాడు.

"అమ్మ పంచ్ కొయ్యాలనుకుందేమో."

"దిమ్మ మీద 'రంధ్రం' అని అత్తయ్యే రంగుతో రాసింది. ఇంకా చెరగలేదు."

"హడావిడిలో ఉంది. వెళ్ళిన రోజు పొద్దున్నే ఫోనొచ్చింది కదా, పిన్నికి బాలేదని. ఏడుస్తూనే మెషీను ఆన్ చేసింది. నేను చూశాను." చేతులతో ముఖం రుద్దుకున్నాడు. "అయితే దిమ్మ పోయినట్టేనా?"

"పోలేదు. అది ఇక డైగా పనికిరాదు, అంతే. ఇలాగే బయటగా చివరిదాకా కోస్తే లోపలి ముక్క సరిగ్గా పంచ్ కొలతకి వస్తుంది. తీగ మొదలైన చోట సన్నని చీలిక ఒకటి ఉంటుంది, రేకు మూతకి దాంతో ఏం ఇబ్బంది లేదు, ఆయనకి ముందే చెప్పొచ్చు. అలమరలో ఉన్న దిమ్మలో డై కోసుకుంటాం. అటుది ఇటు, ఇటుది అటు. కానీ అలా చెయ్యాలంటే ముందు సంగతి చెప్పాలి."

"చెబితే పని దక్కుతుంది. అమ్మ దక్కదు."

"అంత మాట ఎందుకండీ?"

"నీకు తెలీదు. ఇన్నేళ్ళలో ఆవిడ చేతిలో ఒక్క దిమ్మ పాడవలేదని వీధి వీధంతా చెప్పుకుంటారు. ఆవిడా చెప్పుకుంటుంది. కళ్ళు మందగించాయని ఇప్పటికీ ఒప్పుకోదు. నువ్వు వెళ్ళి, ఆవిడ పెట్టె పీకిన మనిషివి, తప్పు మీదేనంటే..." ఆగిపోయాడు. "మళ్ళీ ఆ షెడ్డు గడప తొక్కదు."

"చెప్పకుండా డ్రాయింగు ప్రకారం లోపలగా కోస్తే కలిసే చోట మెట్టు పడుతుంది. గోరు తట్టుకుంటుంది. సాయంత్రం బండి వస్తుంది. అప్పుడు మీరూ నేనూ ఏ గడప తొక్కుతాం?"

"నన్నడిగితే?"

"మిమ్మల్నే అడుగుతున్నాను."

"నేను ఉలికి పదును పెట్టుకుంటాను," అన్నాడతను. నవ్వాలని చూశాడు, కుదరలేదు. "నిజంగానే నాకు తెలీడం లేదు. అటు చూస్తే ఆవిడ ముఖం, ఇటు చూస్తే నీ ముఖం."

"నా ముఖానికేం. మీరు లోపలికెళ్ళండి. నేనే అత్తయ్యతో మాట్లాడతాను. ఎవరూ లేనప్పుడు, మెల్లగా."

*

టీ పట్టుకుని వరండాలోకి వెళ్ళింది. అత్తగారు కళ్ళద్దాలు తుడుస్తోంది. అద్దాలు అప్పటికే శుభ్రంగా ఉన్నాయి.

"అత్తయ్యా, ఒక్క మాట..."

"పంపు ఎందుకు కట్టేశావు?"

"అదే చెబుదామని వచ్చానండీ."

"దిమ్మ కోశాక చెప్పు. కొయ్యకముందు చెప్పే మాటలన్నీ సాకులే. నేనూ ఒకప్పుడు కోడలినే."

"సాకు కాదండీ. మీరు వెళ్ళిన రోజు..."

"ఏమండోయ్! ఇంట్లో ఎవరైనా ఉన్నారా, అందరూ కంప్యూటర్లోకి వెళ్ళిపోయారా?"

వీధి గుమ్మం నిండా డబ్బాలాయన. మనిషి ఎంత భారీయో గొంతు అంత భారీ. ఈయన చెవిలో పడిన సంగతి అవతలి వీధికి ఈయనకంటే ముందే చేరుతుంది.

"అక్కగారూ, వచ్చేశారా! హమ్మయ్య. మీ పెట్టెని పెరట్లో పడుకోబెట్టారటగా? నాకు కబురైనా పెట్టలేదు, నలుగురితో పాటు వచ్చి భుజం పట్టేవాణ్ణి."

"వెటకారం తర్వాత. కూర్చోండి," అంది అత్తగారు.

"కూర్చోను. ముందు ఆ పెట్టెను చూసి వస్తాను. నా మొదటి మూత దానిలోంచే వచ్చింది. తలుపు తీస్తే లోపల మీ బొటనవేలికి రేకు అరిగిపోయి ఉండేది, ఆ పుల్ల పక్కన."

అంటూనే పెరటి దారి పట్టాడు.

కోడలు టీ గ్లాసు అక్కడే గట్టు మీద పెట్టేసింది. ఆయనకు ఆ పుల్ల తెలుసు. పైకీ కిందకీ తెలుసు. ఎన్నిసార్లు పక్కన నిలబడి కబుర్లు చెబుతూ చూసి ఉంటాడో.

"ఉండండి, అక్కడ దారిలో సామాను ఉంది, తీస్తాను," అంటూ ఆయన్ని దాటుకుని పరిగెత్తింది. వెనక ఆయన నవ్వు. రేకు ఎత్తింది. తలుపు తెరిచే ఉంది. పెట్టె మీద భర్త మర్చిపోయిన గ్లాసు.

ఆలోచించలేదు. వేలు పెట్టి పుల్లను పైకి తోసేసింది. టక్కుమంది.

డబ్బాలాయన వచ్చి, నడుం మీద చేతులు పెట్టుకుని, పెట్టె లోపలికి తొంగిచూశాడు. "పాపం," అన్నాడు. "ఇంత వయసొచ్చాక బయట పడుకోవలసి వచ్చింది." అంతే. గ్లాసులో చీమలు పట్టాయని చెప్పి పక్కకు తప్పుకున్నాడు.

ఆయన వెనకే అత్తగారు వచ్చింది. ఎవరి వైపూ చూడలేదు. తిన్నగా పెట్టె దగ్గరకు వెళ్ళి, కళ్ళద్దాలు పెట్టుకోకుండానే తలుపు వెనక చెయ్యి పెట్టింది. బొటనవేలు పుల్లను తడిమింది. అక్కడే ఉండిపోయింది.

కోడలు ఆవిడ ముఖం చూస్తూ నిలబడింది. పొద్దుటి నుంచి బిగుసుకున్న దవడ మెల్లగా వదులైంది. పెదవులు కదిలాయి. అప్పుడు ఊపిరి వదిలింది, ఎన్నాళ్ళనుంచో పట్టి ఉంచినట్టు.

"పైకే ఉంది," అంది.

కోడలికి మాత్రమే వినిపించేలా, తనలో తను అనుకున్నట్టు, ఇంకా అంది: "మంచం పక్కన కూర్చున్నానన్న మాటే గానీ, అమ్మాయ్, కన్ను మూస్తే ఈ పుల్లే. పెట్టానా, పెట్టలేదా. పెట్టానా, పెట్టలేదా. మీ మావయ్య ఫోను చెయ్యకపోయినా వచ్చేసేదాన్ని. నా చేతిని నేనే నమ్మని రోజు వచ్చిందా అని... పిచ్చిదాన్ని. చూడు, పైకే ఉంది."

అమ్మాయ్ అంది.

చెప్పాలంటే ఇప్పుడే చెప్పాలి. అత్తయ్యా, అది మీరు పెట్టింది కాదు, నేను పెట్టింది. అంతే కదా, ఎంతలో అయిపోతుంది. ఆవిడ ముఖం చూసింది. చెప్పలేకపోయింది.

"పదండి," అంది అత్తగారు గొంతు పెంచి, అందరికీ వినిపించేలా. నడకలో కూడా బరువు తగ్గింది. "నా సగంలో తప్పు లేదు. ఇక మిగతా సగం ఏమిటో చూద్దాం."

*

మామగారు కుర్చీ తెచ్చుకున్నాడు. డబ్బాలాయన తన నమూనా మూతను జేబులోంచి తీసి చేత్తో ఆడిస్తున్నాడు. రంధ్రం పూర్తవగానే అందులో పెట్టి చూసుకోవాలని ఆయన ఆత్రం. భర్త పెరటి వైపు నుంచి ఆలస్యంగా వచ్చాడు. వస్తూనే కోడలి వైపు చూశాడు. అతనూ పుల్లను చూసి వచ్చాడని ఆ చూపులోనే తెలిసిపోయింది. నోరు తెరిచాడు. ఆమె తల అడ్డంగా ఊపింది, కనీకనబడనట్టు.

పంపు వేసింది. నీళ్ళు దిమ్మ మీదుగా జారాయి. తీగ కదిలింది. తెర మీద పువ్వు, పువ్వు పక్కన రెండు గళ్ళు వచ్చాయి. లోపలికి. బయటికి. ఏదో ఒకటి నొక్కితే గానీ కంప్యూటరు కదలదు.

వీధి చివర ఇనుము బండివాడి గంట వినిపించింది.

లోపలికి నొక్కితే మెట్టు పడుతుంది. దిమ్మ పోతుంది, మెషీను పోతుంది, ఆవిడ నిశ్చింతగా వరండాలో కూర్చుంటుంది. బయటికి నొక్కితే గాడి గాడిలో కలిసిపోతుంది, గోరు జారిపోతుంది, లోపలి ముక్క పంచ్‌గా బతుకుతుంది. కానీ డబ్బాలాయన మూత పెట్టి చూడగానే రంధ్రం వదులని తేలుతుంది. ఏమిటిదని అడుగుతాడు. కొత్త పిల్ల తప్పు వైపు నొక్కిందని అందరూ అంటారు.

అననీ, అనుకుంది కోడలు.

బయటికి నొక్కింది.

నీళ్ళ అడుగున నీలంగా ఒక రవ్వ, ఆ వెంటనే రవ్వల జల్లు. చిరచిరమని సన్నని చప్పుడు షెడ్డంతా పాకింది. తీగ పాత గాడి చివర నుంచి ఉక్కులోకి దిగింది. ఎక్కడా తడబడలేదు.

"అబ్బో," అన్నాడు మామగారు. "పట్టుగుడ్డలో కత్తెరలా పోతోంది."

అత్తగారు తల పక్కకు వంచి వింది. కోత బాగుందో లేదో ఆవిడ ముందు చెవితోనే చూస్తుంది. "చప్పుడు బాగుంది," అంది. ఒప్పుకోక తప్పనట్టుగా అంది, కానీ అంది. ఆ తర్వాత కళ్ళద్దాలు పెట్టుకుని తెర మీదకు వంగింది. గోరుతో అక్షరం అక్షరం వెంట వెళ్ళింది.

గోరు ఆగింది.

"బయటికి," అని చదివింది.

"ఏమిటి బయటికి?" అన్నాడు డబ్బాలాయన.

అత్తగారి గోరు ఆ అక్షరాల మీదే ఉంది.

"రంధ్రం కోస్తూ బయటికి పెట్టావేమిటి?"

"నేనే పెట్టానండీ."

"అది కనబడుతూనే ఉంది. ఎందుకు పెట్టావు?"

మెషీను ఆపే ఎర్ర మీట అత్తగారి చేతికి జానెడు దూరంలో ఉంది. ఆవిడ చెయ్యి లేచింది. మీట దాకా వెళ్ళింది. వెళ్ళి, నొక్కకుండా గాలిలో ఉండిపోయింది.

ఆవిడ చూపు తెర మీద లేదు. దిమ్మ మీద ఉంది. నీళ్ళ కింద, తన గాడి ఆగిన చోటు నుంచి కొత్త గాడి సాగిపోతోంది. మధ్యలో అతుకు లేదు. తను లోపలగా కోసి ఉంటే, ఈ పిల్ల బయటగా కోస్తుంటే, అక్కడ అతుకు కనబడాలి.

ఇనుము బండి గంట గుమ్మం ముందుకు వచ్చి ఆగింది. "బండి వచ్చింది," అన్నాడు మామగారు, ఎవరితోనో తెలియకుండా.

మీట మీద గాలిలో ఉన్న చేతికి బొటనవేలు ఒక్కటే కదిలింది. పైకి. కిందకి. మళ్ళీ పైకి. లేని పుల్లను తడుముతున్నట్టు.

"అమ్మాయ్," అంది అత్తగారు, తల తిప్పకుండానే. "ఇందాక పెరట్లోకి నువ్వెందుకు ముందు పరిగెత్తావు?"